రాతినార: శిలల చరిత్ర, శ్రమ చరిత్ర

ఆస్బెస్టాస్‌కు తెలుగులో రాతినార అనే చక్కని మాట ఉన్నది. గ్రీకు మాటకు ‘ఆరనిది’ అని అర్థం. వాళ్లు మంటను దృష్టిలో పెట్టుకొని పేరు పెట్టారు. మనవాళ్లు చూచింది రాయిని. గోటితో గీరితే అవిసెనారలాగా పోగులు పోగులుగా ఊడివచ్చే రాయి. కడప జిల్లా ఖనిజ సంపదను గురించి పరీక్షలో ప్రశ్న వస్తే ముగ్గురాయి, నాపరాయి, రాతినార అని వరుసగా వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనలో చాలామందిమి. ఆ మూడో మాట వెనుక ఎవరి చేతులున్నాయో, ఎవరి ఊపిరి ఉన్నదో ఏ ఉపాధ్యాయుడూ చెప్పలేదు; ఏ పాఠ్యపుస్తకమూ అడగలేదు. రాయి బరువు మోసేవాడి వీపుకు తెలుస్తుంది. నార సంగతి అలా కాదు. ఊపిరితిత్తులలో దిగబడే పోగు కంటికి ఆనదు, చేతికి తగలదు, వాసన వేయదు. దిగబడిన ఇరవై ముప్ఫయి ఏళ్లకుగాని తన ఉనికిని తెలియజేయదు.

నేడు హైదరాబాదులో ఈ వ్యాపారానికి పెద్దదిక్కుగా ఉన్న కంపెనీ కార్యాలయం గచ్చిబౌలిలో ఉన్నది. బొటానికల్ గార్డెన్ దగ్గర, అద్దాల మేడలో, ఏడవ అంతస్తులో. 1946లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రోడక్ట్స్ అనే పేరుతో అది పుట్టింది. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టి, చార్మినార్ గుర్తుతో రేకులు పోసి, దేశమంతా అమ్మింది. తర్వాత హైదరాబాద్ ఇండస్ట్రీస్ అయింది. ఆ తర్వాత హిల్ అనే మూడక్షరాలకు కుదించుకున్నది. 2025లో బిర్లాన్యూ అయింది. పేరులో నుంచి మొదట ఆస్బెస్టాస్ పోయింది, తర్వాత హైదరాబాదు పోయింది. కార్యాలయం కార్మికవాడ వదిలి సైబరాబాదుకు చేరింది. ఇందులో నేరం ఏదో జరిగిందని నేను అనడం లేదు. పెట్టుబడి పేరు మార్చుకోవడం, చిరునామా మార్చుకోవడం కొత్త సంగతి కాదు. కాని ఆ పేర్ల మార్పు వెనుక ఒక ఖనిజం చరిత్ర ఉన్నది. దానిని శిల దగ్గర నుంచి మొదలుపెట్టి పరిశీలించడం అవసరం.

మాదాపురం, గచ్చిబౌలి ప్రాంతపు రాయి గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఆ గుండ్లను పేల్చి, చెక్కి, చదునుచేసి మేడలు లేపుతున్నారు. ఆ గ్రానైటులో రాతినార పుట్టదు. గ్రానైటులో సిలికా ఎక్కువ, మెగ్నీషియం అతి స్వల్పం. రాతినారకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. సిలికా నూటికి 45 పాళ్లకు తక్కువగా ఉండి, మెగ్నీషియం, ఇనుము దండిగా ఉండే శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు అల్ట్రామాఫిక్ శిలలంటారు. ‘మాఫిక్’ అనే మాట మెగ్నీషియం నుంచి, ఇనుము లాటిన్ పేరు నుంచి ముక్కలు తీసుకొని అతికించింది. పెరిడోటైటు, డ్యూనైటు ఈ జాతివి. ఇవి భూమి పైపొరకు చెందినవి కావు. అడుగున ఉన్న ప్రావారపు సరుకు. భూమి మడతలు పడినప్పుడో, చీలినప్పుడో ఇవి పైకి వస్తాయి.

పైకి వచ్చిన తర్వాత వీటికి నీరు తగులుతుంది. లోతున వేడిగా ఉన్న నీరు పగుళ్లవెంట దూరి, ఒలివీన్ అనే ఆకుపచ్చని ఖనిజాన్ని మార్చివేస్తుంది. అప్పుడు ఏర్పడేదే సర్పెంటైన్. పాము చర్మంలాగా మచ్చలుమచ్చలుగా, జిడ్డుగా మెరుస్తుంది గనుక ఆ పేరు. నీటిని తనలో ఇముడ్చుకోవడంవల్ల రాయి ఉబ్బుతుంది. ఉబ్బితే మళ్లీ పగులుతుంది. ఆ కొత్త పగుళ్లలో సర్పెంటైన్ మరొక రూపంలో గట్టిపడుతుంది. పగులు గోడలకు అడ్డంగా, దువ్వెన పళ్లలాగా, వేలాది పోగులుగా. అదే క్రిసోటైల్, తెల్ల రాతినార. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కొక్క పోగూ చాపచుట్టలాగా చుట్టుకొన్న గొట్టం. నీలం రంగుది, గోధుమ రంగుది వేరే కుటుంబం. వాటిని ఆంఫిబోలు జాతి అంటారు.

కనుక రాతినారను వెదకడమంటే మొదట అల్ట్రామాఫిక్ శిలను వెదకడం. ఒలివీన్ సర్పెంటైన్‌గా మారేటప్పుడు అందులోని ఇనుము మాగ్నటైటుగా విడిపడుతుంది. అందుచేత అయస్కాంత మాపకం పట్టుకొని నడిస్తే భూమిలో దాగిన సర్పెంటైన్ మేర తెలుస్తుంది. తర్వాత కందకాలు, గుంటలు, వజ్రపు మొన ఉన్న బరమాలు. పైకి తీసిన రాతి స్తంభంలో నార ఈనెల వెడల్పు ఎంత, పోగు పొడవు ఎంత, నూటికి ఎన్ని పాళ్లు అని లెక్కకడతారు. పొడవుపోగు నేతకు పోతుంది, పొట్టిపోగు సిమెంటులో కలుస్తుంది. ఇక్కడ పాఠకులు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. నూరు టన్నుల రాయిలో అయిదారు టన్నుల నార దొరికినా గని లాభసాటి అనిపించుకుంటుంది. మిగిలిన తొంభై పైచిలుకు టన్నులు, విడదీయలేక వదిలిన నారతో సహా, గని పక్కనే కొండలాగా పేరుకుంటాయి. ఈ లెక్క మరొకచోట మళ్లీ మనకు ఎదురవుతుంది.

కెనడాలోని క్విబెక్ గనులు, ఉరల్ పర్వతాలలో ఆస్బెస్ట్ అనే పేరే పెట్టుకున్న పట్టణం, జింబాబ్వేలో షబానీ, బ్రెజిల్‌లో కానా బ్రావా — ఇవన్నీ అల్ట్రామాఫిక్ శిలల బిడ్డలే. తెలుగునాట కూడా ఆ శిలలు లేకపోలేదు. బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి కొండలలో ఉన్నాయి. కాని అక్కడ తవ్వి తీసింది క్రోమైటు. మన రాతినార మాత్రం శాస్త్రనియమానికి భిన్నంగా, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, సున్నపురాయి జాతి శిలలో పుట్టింది.

ఈ విశేషం కొంచెం వివరించవలసినది. కడప పొరలలో అడుగున ఉన్నది గుల్చెరు క్వార్ట్‌జైటు, దానిమీద వేంపల్లె డోలమైటు. రెండూ కలిసి పాపఘ్ని వర్గం. గుల్చెరు ఏమిటని కంగారు పడనవసరం లేదు. అది మన గువ్వలచెరువే. దొరగారి నాలుకమీద గువ్వలు ఎగిరిపోగా మిగిలిన పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాలలో స్థిరపడింది. ఈ పొరలను మొట్టమొదట సమగ్రంగా పటాలకెక్కించి 1872లో గ్రంథం ప్రకటించినవాడు విలియం కింగ్. ఆయన పనిచేసింది భారత భూగర్భ పరిశోధన శాఖలో. బొగ్గు కోసం 1851లో కుంపిణీవారు స్థాపించిన శాఖ అది.

డోలమైటులో మెగ్నీషియం ఉన్నది. సిలికా కూడా కొన్ని పొరలలో చెకుముకి రాయిగా ఉన్నది. లేనిది వేడి, వేడినీరు. ఆ వేడిని శిలాద్రవం తెచ్చింది. సుమారు 188 కోట్ల ఏళ్ల క్రితం కరిగిన డోలరైటు ఈ పొరల సందులలో పలకలుగా దూరి చల్లారింది. పులివెందుల దగ్గరి పలకకు శాస్త్రజ్ఞులు కట్టిన వయసు అదే. ఆ పలకకు ఆనుకొని ఉన్న డోలమైటు ఉడికి, సర్పెంటైన్‌గా మారి, అందులో నార ఈనెలు కట్టింది. అమెరికాలో అరిజోనాలోనూ, దక్షిణాఫ్రికాలో కరోలినా దగ్గరా ఇలాగే జరిగింది. ప్రపంచంలో ఈ తరహా నిక్షేపాలు కొద్ది. అల్ట్రామాఫిక్ శిలలో ఉన్నంత ఇనుము డోలమైటులో ఉండదు గనుక ఇటువంటి నారలో ఇనుము తక్కువ. విద్యుత్ పరికరాల తొడుగులకు శ్రేష్ఠం. పరిశోధకుడికి ఇక్కడ అయస్కాంతం అంతగా అక్కరలేదు. పలక, డోలమైటు కలిసే గీతను పట్టుకొని నడిస్తే చాలు. బ్రాహ్మణపల్లె, లోపట్నూతల, చిన్నకూడాల వంటి ఊళ్లు శాస్త్రగ్రంథాలకెక్కింది ఆ గీత పుణ్యమే. (ఈ వేంపల్లె పొరలలోనే, తుమ్మలపల్లె దగ్గర, యురేనియం బయటపడింది. ఒకే రాయి ఒకే తాలూకా జనానికి ఇన్ని పరీక్షలు పెట్టడం విడ్డూరమే.)

1934లో ఏ.ఎల్. కూల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ నారమీద ఒక గ్రంథం ప్రకటించాడు. పేరు — మద్రాసు రాజధానిలోని దత్తమండలాల రాతినార. నిజాం 1800లో కుంపిణీకి ధారాదత్తం చేసిన సీమ గనుక దత్తమండలాలు. ఆ పేరు దాస్యచిహ్నమని 1928లో నంద్యాల సభలో మనవాళ్లు రాయలసీమ అని మార్చుకొని అప్పటికి ఆరేళ్లయింది. భూగర్భ శాఖకు ఆ సంగతి పట్టలేదు. అది చిన్న విషయమని ఎవరైనా అనవచ్చు. కాని ఆ గ్రంథం ఒక భూమిని ఎవరి కళ్లతో చూస్తున్నదో ఆ ఒక్క మాట చెబుతుంది. కూల్సన్ శ్రద్ధగల శాస్త్రజ్ఞుడు. ఆయన శ్రమను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. నార ఎక్కడ ఉన్నది, ఏ పొరలో ఎంత మందాన ఉన్నది, దేనికి పనికివస్తుంది అన్న ప్రశ్నలకు ఆయన తరం ఇచ్చిన జవాబులమీదనే తర్వాతి తవ్వకాలన్నీ ఆధారపడ్డాయి.

అయితే అదే కాలంలో, అదే సామ్రాజ్యంలో మరొక పరిశోధన జరిగింది. ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణంలో టర్నర్ సోదరుల రాతినార మిల్లులో నూలువడికిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో, ముప్ఫయి మూడేళ్ల వయసులో మరణించింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన కుక్ అనే వైద్యుడు అందులో రాతినార పోగులు చూచి, అదే సంవత్సరం బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఫ్యాక్టరీ తనిఖీ అధికారులు మిల్లుల కార్మికులను వరుసగా పరీక్షించి నివేదిక ఇచ్చారు. ఎంత కాలం పనిచేస్తే అంత ఎక్కువమందికి జబ్బు అని తేల్చారు. 1931లో బ్రిటిష్ పార్లమెంటు దేశంలో దుమ్ము నివారణ నిబంధనలు వచ్చాయి. 1934లో కలకత్తానుంచి కూల్సన్ గ్రంథం వచ్చింది. అదే 1934లో మధ్యభారతంలో కైమూరులో మనదేశపు మొదటి ఆస్బెస్టాస్ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. దాని వెనుక ఉన్నది టర్నర్ అండ్ న్యూవాల్, నెల్లీ కెర్షా పనిచేసిన మిల్లువారి వంశమే.

ఈ నాలుగు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒక్కటే. రాయిలో ఉన్న నారను అంగుళాలతో కొలిచిన ప్రభుత్వానికి మనిషి ఛాతీలో ఉన్న నారను కొలవడం తెలియక కాదు. తన దేశంలో కొలిచింది. చట్టం చేసింది. ఓడ దాటించింది యంత్రాలను, వాటాలను. చట్టాన్ని మాత్రం దాటించలేదు. వలస పాలనలో శాస్త్రం అబద్ధం చెప్పిందనడం తేలిక, కాని అది నిజం కాదు. శాస్త్రం నిజమే చెప్పింది. ఏ నిజాన్ని ఏ రేవులో దించాలో నిర్ణయించింది వర్తకం.

మన గనులలో పని ఎలా జరిగేది? కొండ చరియలో సొరంగం తొలిచి, నార ఉన్న పొరను పట్టుకొని, రాయిని పెళ్లగించి బయటికి తెస్తారు. సుత్తులతో కొట్టి నారను రాయినుంచి వేరుచేస్తారు. మిగిలినది మిల్లుకు పోతుంది. అక్కడ చితగ్గొట్టి, జల్లెడపట్టి, పొడవును బట్టి వేరుచేసి సంచులకెత్తుతారు. గనిలో కొంత తేమ ఉంటుంది. మిల్లులో అంతా పొడి, అంతా దుమ్ము. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పులివెందులలోనూ, రాజస్థాన్‌లో దేవ్‌గఢ్‌లోనూ పరీక్షలు జరిపితే గని కూలీలలో నూటికి ముగ్గురికి, మిల్లు కూలీలలో నూటికి ఇరవై ఒక్కరికి ఆస్బెస్టోసిస్ కనిపించింది. ఒకే నార, ఒకే కూలి కుటుంబాలు. గనినుంచి మిల్లుకు నడిచిన దూరంలో జబ్బు ఏడురెట్లయింది.

ఆస్బెస్టోసిస్ అంటే ఊపిరితిత్తులు గట్టిపడి, నారకట్టి, ఉబ్బడం మానివేయడం. శరీరరక్షణకు వచ్చిన కణాలు ఆ పోగును మింగలేవు, కరిగించలేవు; ప్రయత్నించి చచ్చిపోతాయి. చచ్చినచోట మచ్చకడుతుంది. కూలికి మొదట తెలిసేది మిట్ట ఎక్కలేకపోవడం. తర్వాత దగ్గు. ధర్మాసుపత్రికి పోతే క్షయ అని మందులిస్తారు. రాయలసీమ పల్లెలో దగ్గేవాడికి డాక్టరు మొదట తలచుకునే జబ్బు అదే. ఊపిరితిత్తుల క్యాన్సరు, మీసోథీలియోమా అనే పొర క్యాన్సరు ఇంకా ఆలస్యంగా వస్తాయి. దక్షిణాఫ్రికాలో నీలి రాతినార సీమలో వాగ్నర్, ఆయన సహచరులు 1960లో ఆ రెండవదాని ముప్ఫయి మూడు కేసులను ప్రకటించినప్పుడు, వారిలో చాలామంది గని కార్మికులు కూడా కారని తేలింది. గని దగ్గర పుట్టి పెరిగినవాళ్లు, దుమ్ము కుప్పలమీద ఆడుకున్నవాళ్లు.

మన రాయలసీమ సాహిత్యం కరువును వ్రాసింది, ముఠాకక్షలను వ్రాసింది. ఎంతో గొప్పగా వ్రాసింది. నార మిల్లు జల్లెడ దగ్గర కూర్చున్న ఆడకూలి అంతటి ప్రధాన పాత్రగా నాకు తారసపడలేదు. ఇది రచయితలమీద నింద కాదు. బాంబు పేలితే ఊరంతా వింటుంది. ఊపిరి ఆగిపోతే ఇంట్లోవాళ్లే వింటారు.

ఇక రేకు సంగతి. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ ఇరవయ్యో శతాబ్దం తొలి రోజులలో సిమెంటులో రాతినార కలిపి పలుచని పలకలు చేసే పద్ధతికి హక్కులు పొందాడు. కాగితం తయారుచేసే యంత్రాన్నే కొంచెం మార్చి, నీళ్లలో కలిపిన నార, సిమెంటు ముద్దను పొరలు పొరలుగా చుట్టే పద్ధతి అది. దానివల్ల నేతకు పనికిరాని పొట్టిపోగుకు పెద్ద గిరాకీ ఏర్పడింది. అంతవరకు కుప్పలో పారేసిన సరుకు ఇళ్ల నెత్తికెక్కింది. హైదరాబాదు ఫ్యాక్టరీ ఈ పద్ధతికి వారసురాలే. నారలో పెద్దభాగం విదేశాలనుంచే వచ్చేది. దేశీయ ఉత్పత్తి ఏనాడూ చాలలేదు. ఏమైనా చార్మినార్ రేకు తెలుగుదేశపు ఇంటి స్వరూపాన్ని మార్చివేసింది. సీమలో బోదకొట్టం, తెలంగాణలో గుడిసె, కోస్తాలో తాటాకిల్లు — అన్నిటి స్థానంలో రేకులిల్లు వచ్చింది. తుఫానుకు ఎగరదు, నిప్పుకు అంటుకోదు, ఏటేటా కప్పనక్కరలేదు. తాటాకు అంటుకొని పల్లెకు పల్లె బుగ్గి కావడం చూచినవాడికి రేకు వరమే. ఈ మాట మరచిపోయి రేకును తిట్టేవాడు పేదవాడి ఇంట్లో ఒక ఎండాకాలం గడపనివాడై ఉండాలి. అదే ఎండాకాలంలో ఆ రేకుకింద మనిషి ఎలా ఉడికిపోతాడో తెలియనివాడు కూడా అయి ఉండాలి.

సొంత నార కోసం హైదరాబాదు కంపెనీ పరదేశం పోనక్కరలేకుండా ఒక ప్రయత్నం చేసింది. అది మనలను మళ్లీ అల్ట్రామాఫిక్ శిలల దగ్గరికి తీసుకుపోతుంది. నేటి జార్ఖండ్‌లో, పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలో, చాయిబాసాకు సమీపాన రోరో కొండలున్నాయి. క్రోమైటుతో కూడిన అతిప్రాచీన అల్ట్రామాఫిక్ శిలలు. పులివెందులలాంటి మినహాయింపు కాదు, గ్రంథస్థమైన నియమానికి చక్కని ఉదాహరణ. హో ఆదివాసుల భూమి. అక్కడి క్రిసోటైల్ గనులను 1960లలో కంపెనీ నడిపింది. 1983లో అవి మూతపడ్డాయి. నేను ముందు గుర్తుపెట్టుకోమన్న లెక్క ఇక్కడ అక్షరాలా కొండకెక్కింది. నార తీసుకోగా మిగిలిన లక్షల టన్నుల వ్యర్థం, నారతోనూ క్రోమియంతోనూ సహా, కొండవాలులోనే ఉండిపోయింది. వానకు జారి కింది పొలాలలోకి, వాగులోకి దిగుతున్నదని ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో అక్కడికి వెళ్లిన గని బాధితుల సంఘాలవారు నివేదికలు వ్రాశారు. గని మూసివేయడం అంటే మన చట్టాలలో తాళం వేయడమని అర్థం. రాయికి ఆ అర్థం తెలియదు.

పెట్టుబడి ఇలా చేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యపడవలసింది మరొకటి. 1949 జనవరిలో క్విబెక్‌లో ఈస్ట్ బ్రాటన్ అనే ఊరి మిల్లులో కార్మికుల ఊపిరితిత్తులు ఎలా పోతున్నాయో ఒక పత్రికలో బర్టన్ లెడూ అనే విలేఖరి బయటపెట్టాడు. ఫిబ్రవరిలో సుమారు 5,000 మంది రాతినార కార్మికులు సమ్మెకు దిగారు. నాలుగు నెలలకు పైగా సాగిన ఆ సమ్మె కోరికలలో వేతనం ఉన్నది. దానితోపాటు దుమ్మును అరికట్టడం కూడా ఉన్నది. మనదేశంలో సంఘటిత కార్మికోద్యమం జీతం, బోనసు, పర్మనెంటు అనే మూడు ప్రశ్నలకిచ్చిన బలంలో పదోవంతైనా దుమ్ముకు ఇచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆకలిగొన్నవాడు ఊపిరి సంగతి తర్వాత చూసుకుందామనుకోవడం సహజమే. అయినా నాయకత్వం అనేదానికి అర్థం ముందుచూపు కదా.

ఇంకొక చేదు నిజం కూడా మన పత్రికలో చెప్పుకోవాలి. 1970ల నాటికి ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువ రాతినార తవ్విన దేశం సోవియట్ యూనియన్. ఉరల్ గనులు లాభంకోసం నడవలేదు, ప్రణాళిక కోసం నడిచాయి. అయినా పోగు పోగే. ‘అదుపులో వాడితే క్రిసోటైల్ ప్రమాదం లేదు’ అన్న వాదాన్ని కెనడా పెట్టుబడిదారులు ఎంత గట్టిగా చెప్పారో సోవియట్ నిపుణులూ అంత గట్టిగా చెప్పారు. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న ముఖ్యమైనదే. ఉత్పత్తి లక్ష్యం పక్కన కార్మికుడి ఛాతీ పటానికి ఎంత విలువ ఉన్నదన్న ప్రశ్న దానిలో తనంతట తాను పరిష్కారం కాదు. నేటికీ మన ఫ్యాక్టరీలకు వచ్చే నారలో పెద్దపాలు రష్యాదే.

మన ప్రభుత్వం ఏం చేసింది? 1986లో రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వరాదని నిర్ణయించింది. తర్వాత పాత లీజుల పునరుద్ధరణా ఆగింది. కారణం — కార్మికుల ఆరోగ్యం. మంచిదే. పులివెందుల గనులు క్రమంగా మూతపడ్డాయి. కాని దిగుమతిమీద నిషేధం లేదు, రేకు తయారీమీద నిషేధం లేదు. ఏటా మూడు లక్షల టన్నులకు పైగా నార ఓడలలో వస్తున్నది. భారతదేశం నేడు ప్రపంచంలోకెల్లా పెద్ద కొనుగోలుదారు. మన రాయిలోని నార హానికరమనీ, పరాయి రాయిలోని నార హానికరం కాదనీ ఏ భూగర్భ శాస్త్రమూ చెప్పదు. ఉరల్ క్రిసోటైల్, లోపట్నూతల క్రిసోటైల్ ఒకే ఖనిజం. మరి ఈ నిర్ణయాన్ని శాసించింది ఏమిటి? గనిలో ఉన్నది చెదురుమదురుగా ఉన్న కొద్దిమంది సీమ కూలీలు, చిన్న లీజుదార్లు. ఫ్యాక్టరీలో ఉన్నది పెద్ద పెట్టుబడి. చిన్న తలుపు మూశారు, పెద్ద తలుపు తెరిచి ఉంచారు.

న్యాయస్థానం రెండుసార్లు మాట్లాడింది. 1995 జనవరి 27న, వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన వ్యాజ్యంలో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాతినార పరిశ్రమలన్నీ ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటినుంచి 40 సంవత్సరాలు, లేదా పని మానిన తర్వాత 15 సంవత్సరాలు — ఏది ఆలస్యమైతే అంతవరకు — భద్రపరచాలన్నది. జబ్బు నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం అన్నది. 2011లో కల్యాణేశ్వరి వ్యాజ్యంలో రాతినారను పూర్తిగా నిషేధించమని అడిగితే, అది చట్టసభల పని అని నిరాకరించింది. చట్టసభలు ఇంకా ఆ పని చేపట్టలేదు. ఈలోగా ఐరోపా సమాఖ్యలో 2005 నాటికి నిషేధం వచ్చింది. క్విబెక్ గనులు మూతపడి, కెనడా 2018లో నిషేధించింది. ఆస్బెస్టాస్ అనే పేరుగల ఊరు 2020లో ఆ పేరే వదులుకున్నది. అమెరికా 2024లో క్రిసోటైల్‌ను నిషేధించింది. బ్రెజిల్‌లో 2017లో సర్వోన్నత న్యాయస్థానం నిషేధిస్తే, గోయాస్ రాష్ట్రం 2019లో ప్రత్యేక చట్టం చేసుకొని ఎగుమతికి మాత్రం తవ్వుతున్నది. తన జనానికి పనికిరానిదని తేల్చిన సరుకును పరుల నెత్తికెత్తడం 1934 నాటి కథకు పునర్ముద్రణే.

పరిశ్రమవారి వాదాలు రెండు. మొదటిది, సిమెంటులో బిగిసిన నార ఎగరదని. బిగిసినంతకాలం నిజమే. రేకును రంపంతో కోసేటప్పుడు, బోల్టుకు బెజ్జం వేసేటప్పుడు, పాతబడి పొరలు లేచినప్పుడు, ఇల్లు పడగొట్టి ముక్కలు గుంటలో పోసినప్పుడు అది బిగిసి ఉండదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్రిసోటైల్‌తో సహా అన్ని రాతినారలను మనిషికి క్యాన్సరు కలిగించేవిగానే వర్గీకరించింది. రెండవ వాదం, పేదవాడికి ఇంకేమున్నదని. ఈ వాదం బలమైనది, తేలిగ్గా తోసిపుచ్చరాదు. దీనికి జవాబు ఆ కంపెనీయే ఇస్తున్నది. ఆస్బెస్టాస్ లేని రేకును ఫార్చ్యూన్ అనే పేరుతో అదే చార్మినార్ గుర్తుమీద తయారుచేసి అమ్ముతున్నది. అంటే యంత్రం ఉన్నది, పరిజ్ఞానం ఉన్నది. అడ్డం వచ్చేది ధరలోని తేడా. ఆ తేడాను ఎవరు భరించాలన్నది రసాయన శాస్త్రం ప్రశ్న కాదు. ప్రస్తుతం దానిని భరిస్తున్నది రేకు కోసే కూలి, నలభై ఏళ్ల వాయిదామీద.

సైబరాబాదు మేడలు కట్టే వలస కూలీలు ఆ మేడల నీడనే షెడ్లు వేసుకొని ఉంటారు. కొన్ని ఇనుప రేకులు, కొన్ని సిమెంటు రేకులు. పాతవి ఒక స్థలంలో ఊడదీసి మరొక స్థలంలో బిగిస్తారు. పలాసనుంచి, పాలమూరునుంచి, ఒడిశానుంచి, జార్ఖండ్‌నుంచి వచ్చినవాళ్లు. అందులో చాయిబాసా వైపు నుంచి వచ్చిన హో యువకుడొకడు ఉండడం అసాధ్యమేమీ కాదు. వాడి కొండలో నార తీసిన కంపెనీ కార్యాలయం ఎదుట వాడు సెంట్రింగు పని చేస్తూ ఉండవచ్చు. ఆ సంబంధం వాడికి తెలిసే మార్గం ఏదీ మన పాఠ్యపుస్తకాలలో లేదు.

ప్రస్తుతానికి ఒక పని మాత్రం మన చేతిలో ఉన్నది. 1995 తీర్పు లెక్కన, 1986లో పులివెందుల మిల్లులో చేరిన కూలి ఆరోగ్య వివరాలు కనీసం 2026 వరకు ఎక్కడో ఉండాలి. ఎక్కడున్నాయి? లీజుదారు ఇంట్లోనా, గనుల శాఖ గదిలోనా, అసలు వ్రాశారా? బ్రాహ్మణపల్లె, లోపట్నూతల, చిన్నకూడాల ఊళ్లలో ఆ మిల్లులలో పనిచేసి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లు దాటినవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు, పనిచేసిన సంవత్సరాలు, గనిలోనా మిల్లులోనా, ఎన్నాళ్లనుంచి దగ్గు, క్షయ మందులు ఎన్నిసార్లు వాడారు — ఇంటింటికి తిరిగి వ్రాసుకోవడానికి పెద్ద నిధులు అక్కరలేదు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు, ప్రొద్దుటూరు, పులివెందుల కళాశాలల అధ్యాపకులు రెండు వేసవి సెలవులు కేటాయిస్తే చాలు. ఛాతీ పటాలు తీయించడానికి డాక్టర్లను కూడగట్టడం తర్వాతి మెట్టు. సనత్‌నగర్‌లో కూడా ఇదే పని జరగాలి. అక్కడ ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది, పాత కార్మికుల కుటుంబాలు ఉన్నాయి, మస్టరు పుస్తకాలు పూర్తిగా చెదలుపట్టి ఉండవు. కూల్సన్ ఆ కొండలలో గీత పట్టుకొని నడిచాడు. ఈ గీత ఊళ్లలో నుంచి పోతుంది.